వేలిముద్ర సరిచూసుకోండి

డ్యాం పక్కనున్న మా హిల్ కాలనీలో జిరాక్స్ దుకాణం నడిపే కమలాకర్ పోయిన ఆషాఢంలో ఒకనాడు ఆరు గొడుగులు చంకన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి. ఊరందరి ఫారాలూ నింపీ నింపీ మెడ ముందుకు వంగిపోయింది. గొడుగులు అరుగు మీద పరిచి, ఊరికే ఇస్తున్నానన్నాడు. ఊరికే ఇచ్చేవాళ్లను చూస్తే నాకు మొదటి నుంచీ గుండె దడ.

సంగతి ఇది. హైదరాబాద్‌లో ఎవరో కొత్తగా ఒక కంపెనీ పెట్టారట. ఈమెయిల్ ఉత్తరాలకు తాళం వేసే యాప్ ఒకటి చేశారట. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఆ ఉత్తరాన్ని ఇంకెవరూ, చివరికి ఆ కంపెనీవాళ్లు కూడా చదవలేరట. బజారులోకి వదిలే ముందు తెలుగు తప్ప వేరే చదువు రానివాళ్లు, వయసు మళ్లినవాళ్లు కొందరు వాడి చూసి ఎట్లా ఉందో చెప్పాలట. చెప్పినవాళ్లకు మనిషికొక గొడుగు.

"మాకు ఉత్తరాలెవరు రాస్తరయ్యా?" అంది పక్కింటి అరుణమ్మ.

"ఎవరు రాయరు కాబట్టే పెద్దమ్మా మిమ్ముల పెట్టుకున్నది. అది చెడిపోయినా ఎవరికి ఫికర్ లేదు," అన్నాడు కమలాకర్. అతనిలో నాకు నచ్చే గుణం అదే. అబద్ధం ఆడాలంటే సమయానికి మాట దొరకదు.

యాప్ పేరు కొంగుముడి. మన ఆడవాళ్లు విలువైనవి కొంగున ముడి వేసుకుంటారు కదా, అందుకని ఆ పేరు పెట్టారన్నాడు. అరుణమ్మ ఊరుకోలేదు.

"కొంగుముడి పెండ్లిల గదా ఏసేది. ఇప్పుడు నేను ఎవనితోని ఏసుకోవాలె?"

"ఎవరితోనన్న ఏసుకోవచ్చు పెద్దమ్మా. ఎంతమందితోనన్న."

"గట్లయితే మంచిగనే ఉన్నది," అని అరుణమ్మ అందరికంటే ముందు గొడుగు తీసుకుంది.

మేం ఆరుగురం. అందరికీ కొడుకులో బిడ్డలో వాడి పారేసిన ఫోన్లు ఉన్నాయి. నాది మా చిన్నబిడ్డ పాతది, ఒక మూల పగిలింది. కమలాకర్ ఒక్కొక్కరి ఫోనులో యాప్ దించి, ఇప్పుడు ఒక రహస్య పదం పెట్టుకోవాలన్నాడు.

"ఎసుంటి పదం?" అని అడిగింది రమ. ఆమె మాలో చిన్నది, యాభై దాటలేదు.

"నోట్లకెల్లి ఎన్నడు బయటికి రావొద్దు. మతిలకెల్లి ఎన్నడు పోవద్దు. గసుంటిది ఒకటి సూసుకోండ్రి. ఎవరికి చెప్పొద్దు, నాక్కూడ."

ఆరుగురం ఆరు దిక్కులకు తిరిగి కూర్చున్నాం. కొంగు అడ్డం పెట్టుకుని ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కాం. నాకు ఆలోచించే పనే లేకపోయింది. అట్లాంటి పదం నా దగ్గర ఒకటే ఉంది. నొక్కగానే తెర ఎర్రబడి, 'ఈ పదం చాలా బలహీనంగా ఉంది' అని రాసింది. ఏదో పాడు చేశాననుకున్నాను. తల తిప్పి చూస్తే రమ ఫోను కూడా ఎర్రగా ఉంది. అరుణమ్మదీ ఎర్రగానే ఉంది.

కమలాకర్ ఆరు ఫోన్లూ చూశాడు, ఆరు ముఖాలూ చూశాడు.

"మీరందరు మీ మీ ఇంటాయన పేరే పెట్టిన్రా ఏంది?"

మా వైపు మా ఈడు ఆడవాళ్లం మొగుడి పేరు నోటితో అనం. ఎన్నడూ బయటికి రానిది, ఎన్నడూ మరిచిపోనిది అంటే ఇంకేం తోస్తుంది. పేర్లేమో వాకిట్లో కూర్చున్న అందరికీ తెలుసు. ఓటరు లిస్టులోనూ ఉన్నాయి. కంపెనీవాళ్లు ఏడాది కూర్చుని తయారు చేసిన తాళాన్ని మేం గడియలో తడిక తలుపు చేసేశాం.

"మా ఆయన బలహీనమని గీ డబ్బకు ఇంత జల్ది ఎట్ల తెల్సింది?" అంది అరుణమ్మ. "నాకు ముప్పై ఏండ్లు పట్టింది."

రమ కొంగు నోట్లో కుక్కుకుంది. కమలాకర్ నేల చూపులు చూస్తూ, "పక్కన అంకెలు, గుర్తులు ఏమన్న కలపండ్రి, బలమొస్తది," అన్నాడు.

"అన్ని కలిపి సూసినం బిడ్డా," అంది అరుణమ్మ.

మా ఇంటాయన పేరు ఎల్లస్వామి. రాయడం పలకడం కాదు కాబట్టి ఇక్కడ ఒక్కసారి రాశాను, ఇక రాయను. కాలువ తూముల దగ్గర నీళ్లు వదిలే లస్కర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు రోజంతా గాలం దారానికి చిక్కులు తీస్తుంటాడు. చేపలు పడతాడని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల మంచితనం. ఆ పేరు పక్కన నేను 2011 అని కొట్టాను. తెర పచ్చగా అయింది. ఇప్పుడు ఆ పదం మార్చేశాను, చెప్పినా నష్టం లేదు.

ఆ తర్వాత కమలాకర్ అసలు తిరకాసు చెప్పాడు. ముడికి రెండో కొస కావాలి. ఊరవతల ఉన్న మనిషిని ఒకరిని చూసుకోవాలి. అరుణమ్మ హాలియాలో ఉన్న చెల్లెలి పేరు చెప్పింది. రమ యాదగిరిగుట్టలో కొబ్బరికాయలు అమ్మే అన్న పేరు చెప్పింది. నా వంతు వచ్చేసరికి ఎవరూ లేరని చెప్పడానికి నోరు తెరిచాను.

"అమీనా," అన్నాను.

కమలాకర్ అప్పటికే రాసేసుకున్నాడు. వాళ్ల కొడుకు ఫరాజ్‌కు మహబూబ్‌నగర్‌లో సెల్ ఫోన్ల దుకాణం ఉందని, నంబరు తన దగ్గర ఉందని కూడా అన్నాడు. వద్దు అనడానికి నాకు ధైర్యం చాలలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు.

ఎందుకో చెప్తాను.

అమీనా ఇరవై ఏడేళ్లు మా గోడ పక్క మనిషి. ఆమె భర్త చోటే మియా డ్యాం గేట్లకు గ్రీజు పెట్టే ఫిట్టరు. రెండు క్వార్టర్లకూ నడుమ ఒకటే గోడ. అటు నుంచి ఆమె పచ్చిమిరపకాయలు నూరితే ఇటు నాకు తుమ్ములు వచ్చేవి. నా చదువుకు కారణం కూడా ఆమే, పుణ్యం కట్టుకుని కాదు. వచ్చిన కొత్తలో రేషన్ దుకాణంలో నేను బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేస్తుంటే, ఆమె ఉర్దూలో వంకీలు తిప్పుతూ సంతకం చేసి, "హనుమమ్మ బొటనవేలు పెద్ద కాలేజీల చదివింది," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి వేలిని పీచుతో రుద్దాను. మరునాటి నుంచి డ్యాం మీద బోర్డులు చూసి, పప్పు కట్టిన పేపరు ముక్కలు చూసి, ఎవరినీ అడగకుండా అక్షరాలు పట్టుకున్నాను. నేను మొదట సొంతంగా చదివిన మాట 'ప్రమాదం'. రెండోది 'లోనికి రావద్దు'. ఏడాది తిరిగేసరికి సంతకం చేశాను. అప్పటి నుంచి మళ్లీ వేలిముద్ర వేయలేదు. ఇప్పుడు రేషన్ మిషను వేలు పెట్టమంటుంది, పెడతాను. అది నన్ను గుర్తుపట్టదు. వేలి గీత అరిగిపోయిందట. మంచిదే అనుకుంటాను.

2011లో, బస్సులన్నీ బంద్ అయిన ఆ సమ్మె నెలలో, చోటే మియా రిటైరై క్వార్టరు ఖాళీ చేశాడు. సామానుకు, మనుషులకు కలిపి ఒక లారీ మాట్లాడారు. నాకు ఎవరైనా వెళ్లిపోతుంటే చూడడం చేతకాదు. డ్యాం ముంపుకు మా ఊరు ఖాళీ చేసి బండ్లు కట్టిన రోజు మా అమ్మ నా తల తన ఒడిలో కుక్కి పట్టుకుంది. అప్పటి నుంచి అలవాటు తప్పింది. నా బిడ్డలు అత్తవారింటికి పోయేటప్పుడు నేను బాత్‌రూములో దూరి నల్లా తిప్పుతాను. వాళ్లు పాపం తలుపుకు చెప్పి పోతారు. అమీనా పోయే రోజు నల్లా సరిపోదనిపించింది. అందుకని మా ఇంటాయనతో, "నన్ను లోపల పెట్టి బయట తాళం ఏసి కాలువకు పో. అడిగితే హాలియాకు పోయిందని చెప్పు," అన్నాను. ఆయన నన్ను కొంతసేపు చూసి, తాళం వేసి పోయాడు.

తలుపు వెనక బియ్యం బస్తా మీద కూర్చున్నాను. అమీనా వచ్చి తాళం కదిలించింది. "హనుమా," అని పిలిచింది. మూడుసార్లు. నేను ముక్కు పట్టుకుని కూర్చున్నాను. లారీ ఇంజను ఆడుతూనే ఉంది, ఇంటి ముందు అరగంట. ఆ తర్వాత పోయింది.

మళ్లీ ఆమె దగ్గర నుంచి ఒక్క మాట లేదు. నేనూ పలకరించలేదు. చెప్పకుండా హాలియాకు పోయిందని కోపమా, లోపలే ఉన్నానని కనిపెట్టిందా, ఈ రెంటిలో ఏదో తేలక పద్నాలుగేళ్లు గడిచాయి. ఎవరైనా నిష్ఠూరంగా మాట్లాడితే తట్టుకోగలను. ఏం మాట్లాడతారో తెలియకపోతే తట్టుకోలేను.

కమలాకర్ ఆహ్వానం పంపిన నాలుగో రోజు, గురువారం ఉదయం, ఫోను గంట కొట్టినట్టు మోగింది. 'అమీనా నుంచి మీకు తాళం వేసిన ఉత్తరం వచ్చింది. ఏడు రోజుల తర్వాత ఇది దానంతట అదే చెరిగిపోతుంది.' కింద ఒక గడియారం బొమ్మ, అందులో అంకె తగ్గుతూ ఉంది. మొగుడి పేరు, 2011, తప్పు లేకుండా కొట్టాను. ఉత్తరం తెరుచుకోలేదు. ఇంకో తెర వచ్చింది.

'ముందుగా వేలిముద్ర సరిచూసుకోండి.'

రెండోసారి చదివాను. అదే ఉంది. మూడోసారి అక్షరాలు కూడబలుక్కుని చదివాను, మొదట్లో 'ప్రమాదం' చదివినట్టు. వే, లి, ము, ద్ర.

నా చెవులు వేడెక్కాయి. పద్నాలుగేళ్ల తర్వాత ఉత్తరం రాసి, దాన్ని తెరవాలంటే ముందు బొటనవేలు పెట్టమంటుందన్నమాట. రేషన్ దుకాణంలో అన్నది ఇంకా మరిచిపోలేదన్నమాట. ఫోనును తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టాను.

"ఎవరి ఉత్తరం?" అన్నాడు మా ఇంటాయన.

"ఎవరిదో. తప్పు వచ్చింది."

"తప్పు వచ్చిన ఉత్తరాన్ని బియ్యంల పెడ్తరా?"

"పురుగు పట్టకుంట."

ఆయన ఇంకేం అడగలేదు. ఆ మనిషి ఏదీ అడగడు. అదే పెద్ద బాధ.

నేను వేలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. కానీ పూటకోసారి డబ్బా మూత తీసి అంకె చూసేదాన్ని. ఆరు రోజులు. అయిదు రోజులు. చోటే మియాకు ఏమైనా అయిందేమో. గ్రీజు మనిషి, ఎప్పుడూ దగ్గేవాడు. ఫరాజ్‌కు ఏమైనా అయిందేమో. లేదా అమీనాకే ఏదో అయి, చివరిసారి ఒక మాట చెప్పిపోదామని రాసిందేమో. ఇవన్నీ కాక, లోపలే ఉన్నావు కదా అని అడిగిందేమో. ఈ చివరిది తలుచుకుంటే మిగతావే నయమనిపించేది. అట్లా అనిపించినందుకు లెంపలు వేసుకునేదాన్ని.

నాలుగో రోజు, ఎవరూ చూడకుండా, ఒట్టు తీసి గట్టున పెట్టి బొటనవేలు తెర మీద నొక్కాను. ఏం కాలేదు. వేలు కడుక్కుని నొక్కాను. కొబ్బరినూనె రాసి నొక్కాను. ఎడమ చేతిది నొక్కాను. తెర మసకబారింది తప్ప ఉత్తరం రాలేదు. అప్పుడు కలిగిన సిగ్గు ముందు రేషన్ దుకాణం సిగ్గు ఏపాటిది. ఆమె అడిగిందే అనుకో, పెడదామనుకున్నా నా దగ్గర వేలిముద్ర కూడా లేదు.

ఈలోగా కాలనీలో కొంగుముడి గొప్పగా నడుస్తోంది. అరుణమ్మ తన చెల్లెలికి పంపిన మొదటి రహస్య ఉత్తరంలో ఏం రాసిందో మా అందరికీ వినిపించింది. కాకరకాయ కూర వండానని రాసిందట. "ఇంక లోకంల ఎవ్వడు చదువలేడు దాన్ని," అని గర్వంగా అంది. రమ మాత్రం మరిది మీద ఏవో రాసి, అన్న నుంచి ఇంకా ఏవో తెప్పించుకుని, తలుపు వేసుకుని చదువుకుంటోంది. ఆమె ముఖం కళకళలాడుతోంది. గొడుగు తెరిచి కూడా చూడలేదు.

మళ్లీ గురువారం నాడు పొద్దున్నే కమలాకర్ అభిప్రాయాల కాగితాలు పట్టుకుని వచ్చాడు. మా ఇంటాయన అరుగు మీద దారం విప్పుకుని కూర్చున్నాడు. నేను డబ్బాలోంచి ఫోను తీసి, బియ్యపు పిండి దులిపి, కమలాకర్ ముందు పెట్టాను.

"మీ యాప్ మనుషులను అవమానం చేస్తాంది. రాసుకో."

అతను చూశాడు. గడియారంలో 'రెండు గంటలు' అని ఉంది.

"పెద్దమ్మా, ఇంక తెరువలేదా? రెండు గంటలైతే పోతది."

"వేలిముద్ర అడిగింది. నేను దస్కత్ చేసే మనిషిని."

కమలాకర్ నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

"గీ ఏలిముద్ర ఆ ఏలిముద్ర గాదే. ఇంగ్లీషుల ఏదో పేరున్నది, తెలుగు చేసినోడు గిట్ల రాసిండు. ఇగో, కింద నంబర్లున్నయి సూడు. ఆరు. గవే ఆరు ఆమె ఫోన్ల గూడ ఉంటయి. ఇద్దరివి ఒక్కతీరుగ ఉంటే ఉత్తరం రాసింది ఆమెనే అని అర్థం. లేకుంటే నడిమిట్ల ఎవడో ఉన్నట్టు."

కిందికి జరిపితే నిజంగానే ఆరు జంట అంకెలు ఉన్నాయి. వారం రోజులు ఆ మాట చూసి మూత పెట్టానే కానీ దాని కింద ఏముందో చూడలేదు.

"ఒక్కతీరుగ ఉన్నయో లేవో ఎట్ల తెలుస్తది?"

"ఫోన్ చేసి ఒకల్లకొకలు సదువుకోవాలె. గొంతు గుర్తుపట్టాలె గదా. గదే దీంట్ల అన్నిటికన్న పెద్ద రక్షణ అని చెప్పిన్రు."

"ఫోన్ జేసేదాన్నయితే ఉత్తరం ఎందుకు?"

"గీ మాట మంచిగున్నది, రాసుకుంటున్న," అని కాగితం మీద రాసుకున్నాడు. రాసుకుంటూనే తన ఫోను తీసి, ఫరాజ్ ఇచ్చిన అమీనా నంబరు కొట్టి, స్పీకరు పెట్టి నా ముందు ఉంచాడు. నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

"హలో," అంది అమీనా. గొంతు లావైంది. కానీ అదే గొంతు.

కమలాకర్ తెర మీది అంకెలు వేలితో చూపిస్తున్నాడు.

"నంబర్లు సదువు," అన్నాను.

"కౌన్?"

"కొంగుముడి."

"హనుమనా?"

"ఎడమకెల్లి సదువుమన్నరు."

"పద్నాలుగేండ్లకు ఫోన్ చేసి, సలామ్ లేదు దువా లేదు, నంబర్లు సదువాల్నా?"

"నువ్వు అమీనావే అని ముందుగాల తేలాలె."

"నేను అమీనా గాకపోతే మరెవరు? మీ ఆయన రెండో పెండ్లామా?"

మా ఇంటాయన దారంలోంచి తల ఎత్తలేదు.

"నా ఏలిముద్ర అడుగుతవా నువ్వు?" అంది అమీనా. ఇక ఆగేలా లేదు. "మొదలు 'హనుమమ్మ మీతోటి కొంగుముడి వేసుకోవాలనుకుంటున్నారు' అని వచ్చింది. ఫరాజ్ సదివి చెప్పంగనే చోటే మియా నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నడు. పోనీలే అని ఉత్తరం రాసి పంపిస్తే, ఏలిముద్ర సరిచూస్కో అని వచ్చింది. నాది. ఉర్దూల దస్కత్ చేసేదాన్ని. ఎన్నటిదో బద్లా తీర్చుకుంటున్నవనుకున్న."

చోటే మియా నవ్వాడన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. బతికే ఉన్నాడు. దగ్గు కూడా అదే.

"నేను అడుగలే. నువ్వు అడిగినవ్ నన్ను," అన్నాను.

"నేనెందుకు అడుగుత?"

"మల్ల నేనెందుకు అడుగుత?"

"ఇద్దరు అడుగలేదమ్మా, యాప్ అడిగింది," అన్నాడు కమలాకర్ మధ్యలో.

"నువ్వెవరయ్యా నడిమిట్ల?" అంది అమీనా. "ఎవ్వరు వినరని చెప్పిన్రు గదా దీన్ని."

కమలాకర్ కాగితంలో తల దూర్చాడు. నేను గడియారం చూశాను. గంటన్నర ఉంది.

"లొల్లి తర్వాత. నంబర్లు సదువు అమీనా."

"ఉంతాలీస్."

"ముప్పై తొమ్మిది. ఉన్నది."

"ఉంచాస్."

నా తెర మీద నలభై తొమ్మిది ఉంది. ఉర్దూలో ఈ తొమ్మిదులన్నీ నాకు ఒకే తల్లి పిల్లల్లా వినిపిస్తాయి. "తప్పు," అన్నాను. "నాకాడ నలభై తొమ్మిది ఉన్నది."

"గదే చెప్పిన. ఉంచాస్."

"ఉంచాస్ అంటే యాభై తొమ్మిది."

"గది ఉన్‌సాట్. ఇరువై ఏడేండ్లు నా పక్కపొంటి ఉండి గింత నేర్సుకోలే నువ్వు."

"నువ్వు తెలుగుల సదువొచ్చు గదా."

"నాకు తెలుగుల నూరు దాక ఎవరు నేర్పిన్రు? నువ్వు నేర్పినవా?"

తెర కింద చిన్న అక్షరాలు కనపడితే పైకే చదివాను. "అంకెలు సరిపోలకపోతే మధ్యలో ఎవరో మీ మాటలు తెలుసుకుంటున్నారని అర్థం."

"నడిమిట్ల ఎవడున్నడో నాకు ఎర్కనే," అంది అమీనా. "నువ్వు సూడు, నేను చెప్త. యాభైకి ఒకటి తక్కువ. సరేనా?"

మా ఇంటాయన లేచి, చాయ పెట్టుకొస్తానని లోపలికి పోయాడు. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన చాయ పెట్టడం నేను చూడలేదు.

మిగతా నాలుగూ ఒక్కొక్కటి అట్లాగే పట్టుకున్నాం. ఇరవైకి మూడు తక్కువ. తొంభైకి రెండు తక్కువ. అరవైకి ఒకటి తక్కువ. "గిదే నీ ఉన్‌సాట్, గుర్తు పెట్టుకో," అంది. చివరిది సున్నా నాలుగు. ఆరూ కలిశాయి. కింద 'సరిపోలాయి' అన్న పచ్చ గుర్తు ఉంది. నేను నొక్కలేదు.

"నొక్కు పెద్దమ్మా," అన్నాడు కమలాకర్.

"నొక్కినవా?" అంది అమీనా.

"అమీనా, నువ్వేం రాసినవో నోటితోని చెప్పరాదు?"

"చెప్ప. నేను తెలుగు రాయలేనని ఫరాజ్ రాస్తనన్నడు. వద్దన్న. మైకుల చెప్పి నా అంతట నేను రాసిన. ఎవ్వరు సదువరని చెప్తేనే రాసిన. నువ్వే సదువాలె."

నొక్కాను. తెర ఒకసారి తెల్లబడి, ఉత్తరం వచ్చింది. మైకులో చెప్పింది కదా, ఎక్కడా చుక్క లేదు, కామా లేదు.

'హనుమ ఆ దినం మీ ఆయన తాళమేసి లారీ కాడికి వచ్చి లోపలనే ఉన్నది ఏడుస్తాంది మీరు పోండ్రి అన్నడు నేను అరగంట ఆపిన ఏడ్సుడు అయితది వస్తవని నువ్వు రాలే నీ ఏడ్సుడు అయిపోయిందా'

అంతే ఉంది. నేను మొదటి నుంచి మళ్లీ చదివాను. చదవడం నేర్చినందుకు ఏనాడూ చింతించలేదు. ఆ నిమిషం కొంచెం చింతించాను.

మా ఇంటాయన చాయ లేకుండానే బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వైపు తిరిగాను.

"నువ్వు చెప్పినవా ఆమెకు?"

"తాళం ఏయమన్నవ్, ఏసిన," అన్నాడు.

"హాలియాకు పోయిందని చెప్పుమన్న గదా."

"బస్సులన్ని బంద్ ఉన్నయి. హాలియాకు ఎట్ల పోతవ్? నడుసుకుంట పోయినవని చెప్పాల్నా? గా అబద్ధం నాతోని కాలే."

"మరి ఇన్నేండ్లు నాతోని ఒక్క మాట అనలేదు."

"నువ్వు అడుగలే."

కమలాకర్ కాగితాలు సర్దుకుంటున్నట్టు నటిస్తున్నాడు. నేను పద్నాలుగేళ్లు మోసిన మూటలో సగం మా ఇంట్లోనే, గాలం దారం పక్కనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆమెకు అన్నీ తెలుసు. తెలిసే అరగంట ఇంజను ఆడించింది. తెలిసే తాళం కదిలించింది, తీయమని కాదు. నేను లోపల ముక్కు పట్టుకుని, వినపడకుండా ఏడుస్తున్నానని సంబరపడుతుంటే, ఆమె బయట అది అయిపోవడానికి ఎదురుచూస్తూ నిలబడింది. కోపం ఎందుకు రాదు. నాకైతే లారీ తోలించుకుపోయేంత కాదు, తలుపు పగలగొట్టేంత వచ్చేది.

"సదివినవా?" అంది అమీనా ఫోనులో.

"సదివిన."

"మరి జవాబు?"

జవాబు చెప్పాలని నోరు తెరిస్తే ముక్కు ముందు పనిలోకి దిగింది. కొంగు అందుకున్నాను. ఈసారి పట్టుకోలేదు. చీదాను, కాలనీ అంతా వినపడేట్టు.

"ఇంక కాలే," అన్నాను.

"ఏంది కాలే?"

"ఏడ్సుడు."

అటు వైపు అమీనా ఊపిరి వినపడింది. ఎవరో దగ్గారు. ఆమె వాళ్లను ఉర్దూలో కసిరి, మళ్లీ నా దగ్గరికి వచ్చింది.

"అయ్యేదాక ఉండాల్నా, పెట్టెయ్యాల్నా?" అని అడిగింది.

"ఉండు," అన్నాను.

ఆమె ఉంది. నేను ఏడుస్తున్నాను, ఆమె వింటోంది. మధ్యలో ఒకసారి, "కానియ్యి, నాకేం తొందర లేదు," అంది.

కమలాకర్ తన ఫోను వైపు దిగులుగా చూశాడు. "పెద్దమ్మా, చార్జింగ్ పదకొండే ఉన్నది," అన్నాడు.

మా ఇంటాయన లోపలికి పోయి, చార్జరు తెచ్చి, వైరు అందకపోతే ఫోను పెట్టడానికి లోపలి బల్లను గుమ్మం దాకా ఈడ్చాడు.